అజ్ఞాత ఫిర్యాదుదారు నంబరు ఒకటి

మా చింతలమెట్ట మునిసిపాలిటీలో ఒక మంచి ఆచారం ఉంది. ఎవరైనా ఎవరిమీదైనా ఫిర్యాదు చేస్తే, ఎవరిమీద చేశారో ఆయనకే పంపిస్తాం. పైన 'తగు చర్య నిమిత్తం' అని రాసి, కింద ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు కూడా జతచేసి మరీ పంపిస్తాం. లేకపోతే పాపం ఆయన తగు చర్య ఎవరిమీద తీసుకుంటాడు? ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలీదు. నేను సీనియర్ అసిస్టెంటుగా చేరేసరికే ఉంది. నా పేరు మార్కండేయులు. ఆ పంపించే సీటు నాది.

సున్నపుబట్టీ వీధి మొదట్లో తలుపులమ్మ అని ఒకావిడ ఇడ్లీ బండి పెడుతుంది. నేను రోజూ అక్కడే తింటాను, పిన్నీ అని పిలుస్తాను. ఆ వీధిలో కుళాయి తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత గాలి వదులుతుంది, ఆ తర్వాత పసుపు నీళ్ళు వస్తాయి. పెళ్ళికూతురికి నలుగు పెట్టొచ్చు, వాసన రాకపోతే. మురిక్కాలవ కింద పైపు పగిలిందని వీధిలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఆ పైపు తీసేసి కొత్తది వేసే పని కాంట్రాక్టరు బుల్లెబ్బాయి గారు తీసుకున్నారు. వేసేశారు కూడా. ఎక్కడ వేశారో మాత్రం ఇంతవరకూ తెలీలేదు.

తలుపులమ్మ మనవరాలు లాస్యకి పచ్చకామెర్లొచ్చాయి. ఒకటో తరగతి చదువుతున్న పిల్ల. ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. "ఈ నీళ్ళు మానిపిస్తారా, పిల్లని వదులుకుంటారా?" అని పెద్దాసుపత్రి డాక్టరమ్మ కసిరింది. దాంతో తలుపులమ్మ మా ఆఫీసుకి ఫోన్ చేసి, పేరూ ఊరూ చెప్పి ఫిర్యాదు చేసింది. మేం ఆచారం ప్రకారం బుల్లెబ్బాయి గారికి పంపించాం.

మర్నాడు పొద్దున్నే ఆయన మనుషులిద్దరు బండిమీద దిగారు. "అమ్మా, మీ సమస్య తీరిపోయింది. ఫిర్యాదు మూసెయ్యాలి, ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి" అన్నారు. "తీరలేదు నాయనా" అంది. "తీరిపోయిందమ్మా" అన్నారు. అలా కాసేపు తీరలేదు, తీరిపోయింది అనుకున్నాక, ఇడ్లీ బండి కాలవకి అడ్డంగా ఉందని వాళ్ళకి తోచింది. పక్కకి జరిపే హడావుడిలో సాంబారు గిన్నె కాలవలో బోర్లాపడింది. ఆ పూట కాలవ దగ్గర మాత్రం వాసన బాగుంది.

తలుపులమ్మ తిన్నగా నా సీటు దగ్గరకొచ్చింది.

"మార్కండేయులు బాబూ, నా పేరు ఆడికెవరు చెప్పారు?"

"పద్ధతి పిన్నీ. ఆఫీసు పద్ధతి."

"నీ పద్ధతి తగలెయ్య! దొంగని పట్టుకోరా అంటే, దొంగకే నా ఇంటి గుర్తులు చెప్పి పంపుతావా?"

నేను పంకా వంక చూశాను. అది తిరగడం లేదు. ఫిర్యాదు చేస్తే ఎలక్ట్రీషియన్‌కి నా పేరు వెళ్తుందని నేనూ ఊరుకున్నాను.

సరిగ్గా ఆ వారమే మా కమిషనర్ అనంతపద్మనాభం గారు శిక్షణనుంచి తిరిగొచ్చారు. ఆయన ఏడాదికొకసారి శిక్షణకెళ్తారు. ఒకేడు వెళ్ళొచ్చి నవ్వుల క్లబ్బు పెట్టించారు. పొద్దున్నే ఆఫీసు ముందు నిలబడి చేతులెత్తి నవ్వేవాళ్ళం, నీళ్ళ ట్యాంకరు కోసం వచ్చినవాళ్ళు చూసి తిట్టేవాళ్ళు. ఆ మరుసటేడు సైకిళ్ళు. ఈసారి అజ్ఞాతం.

హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. అటెండరు గంపెడు ఉల్లిపాయలు తెచ్చి తలో ఒకటి పంచాడు. కూరగాయల మార్కెట్టు విషయమేమో అనుకున్నాం.

"మిత్రులారా!" అన్నారు కమిషనర్ గారు. "గోప్యత అనునది పౌరుని ఊపిరి. మన పట్టణ పౌరుడు దీర్ఘకాలంగా ఊపిరాడని స్థితిలో ఉన్నాడు. ఈ లోటును భర్తీ చేసే దిశగా 'గుప్తవాణి' అను మహత్తర పథకమును ప్రవేశపెడుతున్నాం. దీని సూత్రం మీ చేతుల్లోనే ఉంది. ఒలవండి!"

ఒలిచాం. ఆయన పొరల గురించి చెప్పారు. పౌరుడు ఫోన్లో ఒక మాట చెప్తాడు. ఆ మాట మూడు పొరల్లో చుట్టుకుని మూడు చోట్ల మజిలీ చేస్తుంది. మొదటి మజిలీకి ఎవరన్నారో తెలుసు, ఏమన్నారో తెలీదు. చివరి మజిలీకి ఏమన్నారో తెలుసు, ఎవరన్నారో తెలీదు. మధ్య మజిలీకి ఏమీ తెలీదు.

"సార్, మన ఆఫీసులో ఫైలు మొదట్నుంచీ అలాగే కదండీ నడుస్తుంది" అన్నాను.

"అది అజ్ఞానం మార్కండేయులూ. ఇది అజ్ఞాతం" అన్నారు.

అప్పటికి హాలంతా బొటబొటా కన్నీళ్ళు. విలేకరి ఒకాయన ఫొటో తీసుకుని, 'పౌరుల గోప్యత కోసం కంటతడి పెట్టిన సిబ్బంది' అని మర్నాడు వేశాడు. ఆ ఫొటోలో నేను బాగానే పడ్డాను.

ఉన్నమాట చెప్పుకోవాలి. గుప్తవాణి మంచి యంత్రమే. దాన్ని కట్టిన కుర్రాళ్ళెవరో పనితెలిసినవాళ్ళు. ఎవరి పేరూ అడగదు, ఎవరి గొంతూ దాచుకోదు, ఎవరు నొక్కినా నోరు మూసుకోదు. ఎక్కడెక్కడి దేశాల్లోనో నిజం చెప్పి జైలుకెళ్ళేవాళ్ళు ఇలాంటివాటిని నమ్ముకునే బతుకుతున్నారట. ఆ యంత్రానికి ఒక్కటే దోషం, మా ఆఫీసు చేతిలో పడింది.

ఆ సాయంత్రమే తలుపులమ్మకి చెప్పాను. "పిన్నీ, ఈసారి నీ పేరు బయటికి రాదు. నాకే తెలీదు."

"నీకు తెలీకపోతే నాకేం ఒరిగిందిరా, ఆడికి తెలీకూడదు గానీ" అంది. అయినా మనవరాలి మొహం చూసి ఒప్పుకుంది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "సున్నపుబట్టీ వీధిలో నీళ్ళు పచ్చగా వస్తన్నాయి. పిల్లలు చచ్చిపోతన్నారు. పైపు మార్చండి" అంది. యంత్రం 'మీరు అజ్ఞాత ఫిర్యాదుదారు నంబరు ఒకటి' అని మర్యాదగా చెప్పింది.

మా కమిషనర్ గారికి గోప్యతతోపాటు పారదర్శకత కూడా ఇష్టం. అది ఇంకో ఏటి శిక్షణ. అందుకని ఆఫీసు గుమ్మంలో పెద్ద టీవీ పెట్టించి, గుప్తవాణి వివరాలు అందరికీ కనిపించేట్టు చేశారు. 'మొత్తం అజ్ఞాతలు: ఒకరు. వీధి: సున్నపుబట్టీ. అంశం: నీళ్ళు. గొంతు: స్త్రీ.' మన పథకం ఎంత పద్ధతిగా నడుస్తోందో జనం చూడాలి కదా.

బుల్లెబ్బాయి గారు ఆ టీవీ కింద కూర్చునే రోజూ కాఫీ తాగుతారు. ఆ రోజు రెండో కప్పు కూడా తాగారు.

"ఆయ్, మంచి పథకమండి. మా బాగా ఉంది" అని కమిషనర్ గారికి నమస్కారం పెట్టి వెళ్ళారు.

మర్నాడు తలుపులమ్మ బండి చక్రం ఒకటి కనబడలేదు.

ఈ విషయం నేనే భయపడుతూ కమిషనర్ గారికి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు సరికదా, కళ్ళు మెరిశాయి. శిక్షణలో చెప్పిన చిక్కు తన ఊళ్ళోనే దొరికినందుకు ఆయనకి గర్వంగా ఉంది.

"చూశారా! ఒక్కరే ఉంటే దాక్కోలేరు. గుంపు కావాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నారు పెద్దలు. ఉలిపికట్టెను కాపాడాలంటే ఏం చెయ్యాలి?"

"పైపు మార్చొచ్చండి" అన్నాను.

"ఊరందరినీ ఆ దారి పట్టించాలి!" అన్నారు.

ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, అజ్ఞాత ఫిర్యాదుదారు నంబరు ఒకటి వారి రక్షణార్థం, ప్రతి ఉద్యోగి ప్రతి దినం విధిగా ఒక అజ్ఞాత ఫిర్యాదు చేయవలెను. చేయని యెడల క్రమశిక్షణా చర్యలకు గురికాగలరు. చేసినదీ లేనిదీ వారి పేరిట నమోదు చేయబడును.'

చేశాం. మా వాళ్ళకి ఫిర్యాదులకేం కరువు? పన్నుల సెక్షనువాళ్ళు పారిశుద్ధ్యం సెక్షనువాళ్ళ మీద, వాళ్ళు వీళ్ళ మీద. నేను పంకా సంగతి చెప్పాను. పక్కసీటాయన నా క్యారియర్లో ఎండుచేపల వాసన గురించి చెప్పాడని నా అనుమానం, అజ్ఞాతం కాబట్టి రుజువు లేదు. ఆ వారం ఆఫీసులో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

టీవీలో మాత్రం మళ్ళీ అదే గొడవ. వందల ఫిర్యాదుల మధ్య నీళ్ళ ఫిర్యాదు ఒక్కటే నిలబడి కనిపిస్తోంది. బుల్లెబ్బాయి గారు దాన్ని వేలితో చూపించి, "అదిగోనండి, ఆవిడే" అన్నారు కాఫీ పట్టుకొచ్చిన అటెండరుతో. రెండో చక్రం కూడా పోయింది.

అప్పుడొచ్చింది రెండో ఉత్తర్వు. ఇకనుంచి అందరూ ఒకే మాట చెప్పాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు. ఏ మాట చెప్పాలన్నది కమిషనర్ గారే నిర్ణయించారు: 'సున్నపుబట్టీ వీధిలో నీళ్ళు పచ్చగా వస్తన్నాయి. పిల్లలు చచ్చిపోతన్నారు. పైపు మార్చండి.' ఆడగొంతు వేరుగా తెలిసిపోతుందని మగవాళ్ళని కాస్త సన్నగా మాట్లాడమన్నారు. మా హెడ్డు గుమాస్తాది గంభీరమైన గొంతు, హరికథలు చెప్పేవాడు. ఆయన మొదటి రోజు సన్నగా మాట్లాడబోయి ఎక్కిళ్ళు పట్టి ఇంటికెళ్ళిపోయాడు.

గుంపు ఎంత పెద్దదైతే గోప్యత అంత గట్టిదని, బడులకి కూడా ఉత్తర్వు వెళ్ళింది. పొద్దున్నే ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక పిల్లలంతా చేతులు కట్టుకుని, "సున్నపుబట్టీ వీధిలో నీళ్ళు పచ్చగా వస్తన్నాయి" అని ముక్తకంఠంతో చెప్పేవాళ్ళు. రేషన్ షాపులో బియ్యం కావాలంటే అదే, ఇంటిపన్ను కట్టాలంటే అదే. పెళ్ళిళ్ళలో మైకు పరీక్షించేవాడు కూడా అదే మాట అనడం నేను చెవులారా విన్నాను. ఊళ్ళో ప్రతి నోటా ఆ పైపే. ఆ పైపు మాత్రం కాలవ కింద నిమ్మళంగా కారుతోంది.

తలుపులమ్మ మళ్ళీ వచ్చింది. బండి లేదు కాబట్టి ఇడ్లీలు గంపలో పెట్టి తిరిగి అమ్ముకుంటోంది.

"ఊరంతా నా మాటే చెప్తన్నారు బాబూ. మరి పైపు సంగతేంటి?"

"ముందు నీ గోప్యత పిన్నీ. తర్వాత పైపు."

"పిల్ల కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయిరా. పక్క వీధికెళ్ళి బిందెలు మోస్తన్నాను. మోకాళ్ళు పోయాయి. నేను పడిపోతే దానికి మంచినీళ్ళు ఎవరు తెచ్చిస్తారు?"

కమిషనర్ గారికి చెప్పాను. ఆయన అంతకంటే పెద్ద లోపం కనిపెట్టిన ఆనందంలో ఉన్నారు. ఫిర్యాదు ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అని లెక్కకడితే మనిషి దొరికిపోతాడట. కాబట్టి ఫిర్యాదులన్నిటినీ కొన్నాళ్ళు ఒకచోట నిలవబెట్టి, బాగా కలియబెట్టి, ముందుదీ వెనకదీ తెలీకుండా వదలాలి.

అలాగే నిలవబెట్టాం. మార్కెట్లో ఆవు మురుగుగుంటలో పడిందన్న ఫిర్యాదు మాకు అందేసరికి, ఆ ఆవుని జనం లాగడం, అది ఇంటికెళ్ళడం, ఈనడం, జున్ను పంచడం కూడా అయిపోయాయి. మా వాళ్ళు తాళ్ళు పట్టుకుని పరిగెత్తుకెళ్తే, ఆవుగలాయన తలా కాస్త జున్ను పెట్టి పంపించాడు.

ఆపైన ఇంకో మెరుగు. చెప్పినవాళ్ళు అజ్ఞాతమైతే సరిపోదు, విన్నవాళ్ళు కూడా అజ్ఞాతంగా ఉండాలట. ఎవరికి చేరిందో తెలిస్తే, అటునుంచి నరుక్కురావచ్చట. కాబట్టి ఫిర్యాదు ఏ అధికారికి వెళ్ళిందో ఆ అధికారికి కూడా తెలియనివ్వకుండా ఏర్పాటు చేశారు. మా ఇంజనీరు ఫణీంద్ర గారు దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానించారు.

"చర్య తీసుకోవలసింది నేనా, మరొకరా అనేది నిర్ధారణ చేసుకునే అధికారం నాకు లేదు సార్. నిర్ధారణ చేసుకుంటే గోప్యతా ఉల్లంఘన కిందికి వస్తుంది" అన్నారు.

"మీ నిబద్ధత శ్లాఘనీయం" అన్నారు కమిషనర్ గారు.

ఇన్ని చేసినా తలుపులమ్మ గంప కూడా ఒకరోజు కాలవలో పడింది. మా కమిషనర్ గారు మొదటిసారి డీలాపడ్డారు. తల పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఉన్నట్టుండి బల్ల గుద్దారు.

"దొరికింది! పసుపు నీళ్ళు ఆ వీధిలోనే వస్తున్నాయి. కాబట్టి ఎంతమంది అన్నా, అసలు మనిషి ఆ వీధిలోనే ఉంటారని ఎవరికైనా తెలుస్తుంది. లోపం మాటల్లో లేదు, నీళ్ళలో ఉంది!"

"అదేనండీ నేను మొదట్నుంచీ..." అన్నాను. నా ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇన్నాళ్ళకి పైపు దాకా వచ్చారు మహానుభావుడు అనుకున్నాను.

"కాబట్టి" అన్నారాయన, "అన్ని వీధుల్లోనూ అవే నీళ్ళు రావాలి."

ఆయన ఫణీంద్ర గారి వైపు తిరిగి, సాంకేతికంగా సాధ్యమేనా అని అడిగారు.

"సాధ్యమే సార్" అన్నారు ఫణీంద్ర గారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నాకిచ్చిన పనుల్లో ఇదే తేలిక."

ఆ పని బుల్లెబ్బాయి గారికే ఇచ్చారు. ఆయన చేసిన పనుల్లో చెప్పిన గడువుకి పూర్తయింది అదొక్కటే. సున్నపుబట్టీ వీధి లైను తీసుకెళ్ళి పెద్ద ట్యాంకుకి కలిపేశారు. సోమవారం పొద్దున్న ఊరంతా కుళాయిలు దగ్గాయి, గాలి వదిలాయి, పచ్చబడ్డాయి. లాయర్ల కాలనీ, బ్యాంకు కాలనీ, కౌన్సిలర్ల ఇళ్ళు, ఒకటని లేదు. 'గోప్యతా సమానత్వం సాధించిన తొలి పట్టణం' అని ఆఫీసు గోడకి ఫ్లెక్సీ కట్టారు. దాన్ని కట్టినవాడు దాహమేసి కుళాయి దగ్గరకెళ్ళి, అటునుంచి అటే ఆసుపత్రికెళ్ళాడు.

మా కమిషనర్ గారి బంగళాలో కాఫీ కలిపితే విరిగిపోయింది. ఆయన భార్య ఆ గిన్నెని అలాగే ఆఫీసుకి పంపించింది, ఏమీ రాయకుండా. అదొక్కటే నిజమైన అజ్ఞాత ఫిర్యాదని నాకనిపించింది, ఎవరు పంపారో మాత్రం అందరికీ తెలిసిపోయింది. సాయంత్రానికి కలెక్టరాఫీసు నుంచి ఫోనొచ్చింది. కమిషనర్ గారు నిలబడి మాట్లాడారు. "చిత్తం సార్. చిత్తం. తక్షణమే యథాస్థితి పునరుద్ధరిస్తాం సార్" అన్నారు.

పునరుద్ధరించారు. ఊళ్ళో నీళ్ళు మళ్ళీ తెల్లబడ్డాయి. జనం ఒకరోజు తిట్టుకుని, రెండోరోజు మర్చిపోయారు. సున్నపుబట్టీ వీధి యథాస్థితి పసుపే కాబట్టి, అక్కడ పసుపే పునరుద్ధరించారు.

ఆ బుధవారం తలుపులమ్మ ఆఫీసుకొచ్చింది. ఈసారి నా సీటు దగ్గర ఆగలేదు. మనవరాల్ని మళ్ళీ పెద్దాసుపత్రిలో చేర్చారని, వరండాలో ఎవరో అంటుంటే విన్నాను. కమిషనర్ గారి గదిలో సమీక్షా సమావేశం జరుగుతోంది. ఫణీంద్ర గారున్నారు, బుల్లెబ్బాయి గారు కాఫీతో ఉన్నారు, నేను రెండు చేతులనిండా ఫైళ్ళతో గోడవారగా నిలబడ్డాను. ఆవిడ తలుపు తోసుకొచ్చి నడిమధ్య నిలబడింది.

"అయ్యా, నా పేరు..."

"వద్దు!" అని కేకేశారు కమిషనర్ గారు. "అమ్మా, దయచేసి పేరు చెప్పకండి! మీ గోప్యతను మా శాయశక్తులా కాపాడుతున్నాం. సిబ్బంది అంతా చెవులు మూసుకోండి!"

మూసుకున్నారు. కమిషనర్ గారు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు కూడా మూసుకున్నారు. ఫణీంద్ర గారు సరేసరి. నాకు చేతులు ఖాళీ లేవు. బుల్లెబ్బాయి గారు కాఫీ చప్పరిస్తూ వింటున్నారు, ఆయన సిబ్బంది కాదు.

"నా పేరు కొప్పిశెట్టి తలుపులమ్మ. సున్నపుబట్టీ వీధిలో మూడో ఇల్లు. నా మనవరాలు ఆసుపత్రిలో ఉంది. డాక్టరమ్మ ఈసారి ఇంటికి పంపనంది, ఆ నీళ్ళున్న ఇంటికి పంపనంది. చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. పైపు మార్చండి."

ఆవిడ బుల్లెబ్బాయి గారి వైపు చెయ్యి చూపించింది.

"మొదట్నుంచీ ఈడికి నా పేరు తెలుసు. బండి తెలుసు, గంప తెలుసు, నా ఇల్లు తెలుసు. తెలీంది మీకే. ఇన్నాళ్ళూ మీరు నన్ను దాచింది ఎవరి దగ్గర్నుంచయ్యా? మీ దగ్గర్నుంచేగా!"

బుల్లెబ్బాయి గారు కప్పు కింద పెట్టి, "ఆయ్, నిజవేనండి" అన్నారు. ఆ గదిలో ఆవిడకి జవాబిచ్చింది ఆయనొక్కడే.

తలుపులమ్మ వెళ్ళిపోయింది. కాసేపయ్యాక కమిషనర్ గారు ఒక కన్ను తెరిచి చూశారు.

"వెళ్ళారా? మనమెవరమూ ఏమీ వినలేదు కదా?"

"లేదు సార్" అన్నారు ఫణీంద్ర గారు.

"శభాష్!" అన్నారు కమిషనర్ గారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫైళ్ళు బల్లమీద పడేసి బయటికొచ్చాను, అంతకంటే నేను పీకిందేమీ లేదు.

ఆదివారం సున్నపుబట్టీ వీధిలో పలుగూ పారా చప్పుడు వినబడిందట. తాపీమేస్త్రీలు, బోరింగు పనివాళ్ళు, ఆటోవాళ్ళు, బట్టలషాపులో పనిచేసే తలుపులమ్మ కూతురు, అందరూ కలిసి కాలవ పక్కన తవ్వారు. పగిలిన పైపు తీసి అవతల పారేసి, వీధిలో చందా వేసుకుని తెచ్చిన కొత్త పైపు వేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పనైపోయింది.

సోమవారం మా ఆఫీసు అట్టుడికిపోయింది. అనుమతి లేకుండా మునిసిపల్ ఆస్తి బాగుపడింది. ఎవరు చేశారు? కమిషనర్ గారు బల్ల గుద్ది, "బాధ్యులను గుర్తించి నివేదిక సమర్పించండి!" అన్నారు.

ఇన్నాళ్ళూ చర్య తీసుకోవలసింది తనో కాదో నిర్ధారించలేని ఫణీంద్ర గారు, ఆ మధ్యాహ్నానికల్లా నివేదికిచ్చేశారు. తవ్వినవాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఉన్నాయి. పలుగు ఎవరిదో, మజ్జిగ ఎవరు తెచ్చారో కూడా ఉంది. కమిషనర్ గారు చదివి పొంగిపోయారు. మన వ్యవస్థకి ఇంత సామర్థ్యం ఉందని నేనే అనుకోలేదు అన్నారు. మొదటి నోటీసు, ఈ పనికి ప్రేరేపించినందుకు, కొప్పిశెట్టి తలుపులమ్మ పేరు మీద తయారైంది. తీసుకెళ్ళి ఇవ్వాల్సింది నేను.

వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని పప్పు రుబ్బుతోంది. లాస్య మంచంమీద దుప్పటి కప్పుకుని కూర్చుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని నీళ్ళు తాగుతోంది. డాక్టరమ్మ కుళాయి నీళ్ళు తెప్పించుకుని చూసి మరీ ఇంటికి పంపిందట. పిల్ల కళ్ళలో ఇంకా కాస్త పసుపుంది గానీ, నన్ను చూసి నవ్వింది.

"రా బాబూ, కూర్చో. ఎండన పడొచ్చావు" అని తలుపులమ్మ కుళాయి తిప్పి నాకూ ఒక గ్లాసు పట్టిచ్చింది. కుళాయి దగ్గలేదు. గ్లాసు అడుగున ఉన్న కంపెనీ ముద్ర కూడా నాకు స్పష్టంగా కనిపించింది. గటగటా తాగేశాను.

తాగాక, ఇంక తప్పదు కాబట్టి, జేబులోంచి నోటీసు తీసిచ్చాను. ఆవిడకి చదువు రాదు. కూతురు లోపల్నుంచి వచ్చి పైకి చదివింది: శ్రీమతి కొప్పిశెట్టి తలుపులమ్మ, భర్త లేటు కొప్పిశెట్టి సత్తియ్య, సున్నపుబట్టీ వీధి, మూడో ఇల్లు.

తలుపులమ్మ పప్పు పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. నా మొహంలోకి చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"ఇన్నాళ్ళూ అడిగితే ఎవరికీ తెలీదన్నారుగా బాబూ. దీనికి మాత్రం నా పేరెలా దొరికింది మీకు?"

నేను గ్లాసు ముందుకి చాపి, ఇంకొంచెం నీళ్ళు పొయ్యి పిన్నీ అన్నాను.